మొగిలి మేడ

ఇంకా పదిహేడు రోజులు

ఆరో ఫ్యాను, మొదటి షిఫ్టు. గాలి వేగం బాగానే ఉంది. బేరింగు మూలుగుతుంటే గ్రీజు పెట్టాను. ఇవన్నీ డ్యూటీ పుస్తకం ముందు పేజీల్లో రాయాల్సినవి, అక్కడా రాశాను. వెనక పేజీలు ఎవరూ తిప్పరు. మా ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాల్సిన గడి వెతుక్కుని, అక్కడ గీకి వెళ్లిపోతాడు. అందుకని నా సొంత గోడు ఇక్కడ రాసుకుంటున్నాను. ఇంకెవరితో చెప్పుకోవాలి? ఫ్యాను పక్కన నిలబడి మాట్లాడితే నా మాట నాకే వినపడదు.

నా భార్య స్వరూప నిద్రకి పేరిచ్చింది.

ఇచ్చి పదమూడు రోజులైంది. ల్యాంపు రూములో తన బల్ల మీదికి వచ్చిన ఫారం మీద వేలిముద్ర వేసేసి, ఇంటికొచ్చి అన్నం తింటూ చెప్పింది. పుట్టగొడుగుల కూరలో ఉప్పు తక్కువైందని చెప్పి, ఆ వెంటనే అదే గొంతుతో ఇది చెప్పింది. ఎందుకని అడిగితే పెద్దగా ఆలోచించకుండానే జవాబిచ్చింది.

"పొద్దుగాల ఏడు వందల లైట్లు చార్జింగుకెళ్లి తీసి ఇస్త. పొద్దుమీకి గవ్వే ఏడు వందల లైట్లు తీసుకొని మళ్ల చార్జింగుల పెడ్త. ఇరవై ఏండ్లాయె. ఇగ నాతోని కాదయ్యా. పండుకుంట."

మా ఊరు ఒకప్పుడు బొగ్గు తవ్విన బాయి. బొగ్గు అయిపోయాక, పైన ఎండకి మనిషన్నవాడు నిలవలేని రోజులొచ్చాక, మా తాతల తరాన్ని ఇందులో నింపారు. మూడో లెవెల్లో నిద్రశాల ఉంది. పేరిచ్చినవాళ్లని పెట్టెల్లో పడుకోబెడతారు. పైన చల్లబడ్డాక లేపుతారు. ఇప్పుడున్న అంచనా అరవై ఏళ్లు. పడుకున్నవాళ్లకి వయసు రాదు, గాలి పదో వంతు చాలు. మిగిలిన తొమ్మిది వంతులూ మెలకువగా ఉన్నవాళ్లకి పంచుతారు. అందుకే నిద్రశాలవాళ్లు ఎప్పుడు చూసినా పెళ్లివారిలా నవ్వుతూ ఎదురొస్తారు.

స్వరూపకి నలభై. అరవై ఏళ్ల తర్వాత నలభై ఏళ్ల మనిషిగానే లేస్తుంది. నాకు నలభై నాలుగు. ఫ్యానువాళ్లకి నిద్రకి పేరిచ్చే హక్కు లేదు, మేము పడుకుంటే ఊరంతా పడుకోవాల్సి వస్తుంది. అంటే ఆమె లేచే రోజుకి నేను ఉండను. ఈ లెక్కకి గుమాస్తా అక్కర్లేదు.

పేరిచ్చిన తర్వాత ముప్పై రోజులు గడువిస్తారు. ఆలోగా మనసు మారితే రద్దు కిటికీ దగ్గరికి మనిషి స్వయంగా వెళ్లి చెప్పుకోవాలి. పదమూడు రోజులూ నేను అరిచాను, బతిమాలాను, రెండు పూటలు అన్నం మానేశాను. నేను మానేసిన అన్నం ఆమె పొరుగింటికి ఇచ్చేసింది.

ఇంకా పదకొండు రోజులు

ఫ్యాను బాగుంది. నేను బాగాలేను.

ఇవాళ రాయమల్లు టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. ఏడో ఫ్యాను అతనిది. నా ముఖం చూసి, అడక్కుండానే అంతా చెప్పించుకుని, చివరికి ఒక సంగతి చెప్పాడు. క్యాంటీనులో గిన్నెలు కడిగే గది వెనక దొంగచాటుగా ఒక బారు నడుస్తోందట. మొగిలి అనే ఆయనది. లోపల అచ్చం పాతకాలపు మేడ కట్టాడట. మేడంటే ఇంటికి పైన ఆరుబయట ఉండే చదును. అప్పట్లో జనం పొద్దుగూకాక దాని మీదికెక్కి, నీళ్ల ట్యాంకు చాటున కూర్చుని తాగేవాళ్లట. మొగిలి మేడ మీద రోజూ ఏడింటికి వాన పడుతుందని రాయమల్లు చెప్పాడు. అతను చూడలేదు, వాళ్ల బావమరిది చూశాడు.

వాన అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పెళ్లయిన కొత్తలో స్వరూప ఒకసారి అంది, ఈ జన్మలో ఒక్కసారి వాన కింద నిలబడితే ఇంకేమీ అడగనని. ఆ తర్వాత నిజంగానే ఏమీ అడగలేదు. ఆ వానేదో చూపిస్తే మనసు తిరుగుతుందేమో. నా దగ్గర ఇంకో ఆలోచన కూడా లేదు.

విహార చీటీ మనిషికి ఏడాదికి ఒకటే ఇస్తారు. నాదీ ఆమెదీ రెండూ ఉన్నాయి. మొగిలి దగ్గర మాత్రం గడువుకి ఐదు రోజుల ముందు గానీ ఖాళీ దొరకలేదు. పోనీలే, ఆ తర్వాత కూడా నాలుగు రోజులు చేతిలో ఉంటాయి కదా అనుకున్నాను.

ఇంకా ఐదు రోజులు

ఇవాళ మొదటి షిఫ్టు దిగాక వెళ్లాలి. పొద్దున స్వరూప ట్రంకుపెట్టెలోంచి పచ్చంచు చీర తీసి మడతలు విప్పింది. అక్కడ మందు ఉంటుందా అని అడిగింది. వాళ్ల నాన్న తాగి తాగి, మనుషుల్ని బాయిలో పైకీ కిందికీ చేర్చే కేజీ ఎక్కబోయి కింద పడి చనిపోయాడు. అందుకని ఆమె ఆ వాసన ఉన్న చోట నిలబడదు. మందు లేనివి కూడా ఇస్తారని చెప్పాను. అది నిజమే.

"నీ కోసం వస్తున్న. వాన కోసం కాదు," అంది. అదే పదివేలు అనుకున్నాను.

ఇంకా నాలుగు రోజులు

నిన్నటిదంతా ఇవాళ రాస్తున్నాను. చాలా ఉంది. ఫ్యాను దాని పని అది చేసుకుంటోంది.

మొగిలి మేడకి తలుపు లేదు. గిన్నెలు కడిగేవాడి దగ్గరికి వెళ్లి "మోటరు బంద్ చేసినవా?" అని అడగాలి. వాడు "ట్యాంకు నిండి పొర్లుతున్నది" అనాలి. పాతకాలంలో మేడలున్న ఇళ్లలో పొద్దున లేస్తే అందరూ ఒకర్నొకరు ఇదే అడుక్కునేవాళ్లట. రాయమల్లు నాతో నాలుగుసార్లు వల్లె వేయించాడు.

నేను అడిగాను. గిన్నెలవాడు నా వంక ఎగాదిగా చూశాడు. నేను మంచి చొక్కా వేసుకున్నాను గానీ కాళ్లకి ఫ్యానువాళ్ల బూట్లే ఉన్నాయి. వాడు చేతులు తుడుచుకుని "దేవుని లెక్క వచ్చినవన్నా" అని, నన్ను పిండి రుబ్బే యంత్రం దగ్గరికి తీసుకెళ్లాడు. దాని మోటారు నాలుగు రోజులుగా కాలిన వాసన వేస్తోందట. కొత్తగా చేరినవాడు, ఆ గుర్తుమాట సంగతి వాడికెవరూ చెప్పలేదు. సబ్బునీళ్ల మధ్య పచ్చంచు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని స్వరూప నిలబడి ఉంటే, నేను మోకాళ్ల మీద కూర్చుని కార్బన్ ముక్కలు ఊడదీసి చూశాను. ఏం చేస్తాను, అరిగిపోయి ఉన్నాయి. ఇంతలో లోపల్నించి ఎవరో వచ్చి వాడిని నాలుగు చివాట్లు పెట్టి గిన్నెల బీరువా పక్కకి జరిపి దాని వెనక దారి చూపించారు.

మేడ సంగతి చెప్పాలి. చుట్టూ నడుమెత్తు పిట్టగోడ, అది చెక్కకి సున్నం. ఒక మూల నల్ల ట్యాంకు. ఒక దండెం, దాని మీద లుంగీలూ బనియన్లూ. అవి అలంకారం అనుకున్నాను, కాసేపటికి మొగిలే వచ్చి ఒకటి ఆరిందో లేదో పట్టి చూసి తీసుకెళ్లాడు. పైన నీలం టార్పాలిన్ ఆకాశం, దానికి చిన్న చిన్న బల్బులు. సగం మాడిపోయాయి.

"చుక్కలు కనవడంగ వాన పడ్తదా?" అని స్వరూప అడిగింది. నాకు తెలియదు. అక్కడున్న ఎవరికీ తెలియదు. బహుశా మొగిలికీ తెలియదు.

వాన ఏడింటికి మొదలైంది. పైన చిల్లుల గొట్టం ఉంది, చిల్లులన్నీ పాచి పట్టి మూసుకుపోయాయి. ఒకే ఒక్క టేబులు మీద పడింది. అది మాది కాదు. ఆ టేబులు దగ్గర కూర్చున్న జంట మొదట మురిసిపోయారు, తర్వాత కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు, తర్వాత లేచి గోడవార నిలబడ్డారు. మొగిలి చీపురు కర్రతో గొట్టాన్ని నాలుగు దెబ్బలు కొట్టాడు. మా మీద కూడా పడింది. స్వరూప చెయ్యి చాపింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

ఆమె అరచేతిలో ఒక అన్నం మెతుకు పడింది.

గిన్నెలు కడిగిన నీళ్లనే వడగట్టి పైకి తోడుతున్నాడు. ఆయన్ని అనడానికి లేదు, నీళ్లు మనిషికి ఇన్ని అని లెక్క ఉన్న ఊళ్లో వానకి ఎక్కడినుంచి తెస్తాడు. స్వరూప ఆ మెతుకు వంక కాసేపు చూసి, టేబులు అంచుకి రాసేసింది. తర్వాత ఒక అమ్మాయి సీసా పట్టుకొచ్చి మా చుట్టూ చిమ్మింది. మట్టి వాసనట. ల్యాంపు రూములో బ్యాటరీ కారితే ఇదే వాసన వస్తుందని స్వరూప చెప్పింది. ఏడాదికి ఒక్క రోజు బయటికి వచ్చి, ఆమె మళ్లీ తన బల్ల దగ్గరే కూర్చున్నట్టయింది. నాకు ఏడుపొచ్చింది.

నేను తీసుకున్న దాని పేరు ఉక్కపోత. గోరువెచ్చగా, మిరపకాయ నూరి కలిపినట్టు, దగ్గుమందులా ఉంది. స్వరూపది తొలకరి, మందు లేకుండా. బెల్లం నీళ్లలో పుదీనా. సగం తాగి గ్లాసు కింద పెట్టింది.

"చూసినం గద. ఇగ పోదామా?"

ఆ పోదామా అన్నది ఒక్క ఇంటికే కాదు, నిద్రకి కూడా. ఆ గొంతు నాకు తెలుసు. ఆ మాటతో నా నాలుగు రోజులూ అక్కడే అయిపోయినట్టు అనిపించింది. ఇంకో గ్లాసు తాగి పోదామని చెప్పి లేచాను.

మొగిలి బల్ల వెనక లుంగీ, బనియను, భుజాన తుండుతో ఉన్నాడు. వేషం బాగానే కుదిరింది. ఆమె తొలకరిలో కొంచెం అసలుది పోయమన్నాను. మేడమ్ వద్దన్నది కదా అన్నాడు. నేను చెబుతున్నాను కదా అన్నాను. కొంచెం మనసు తేలికపడితే చాలు, ఇంకేమీ వద్దు అనుకున్నాను. ఆయన భుజాలెగరేసి కింద నుంచి ఒక డబ్బా తీశాడు. వాసన మేము బేరింగులు కడిగే స్పిరిట్ వాసనే. బెల్లం ఎక్కువ వేయమన్నాను. స్వరూప ఒక గుక్క తాగి, ఇది ముందటి దానికంటే బాగుందని గ్లాసు ఖాళీ చేసింది. ఈ సంగతి ఆమెకి చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు.

తర్వాత జరిగిందే అసలు కథ. మొగిలి గంట కొట్టి, ఇప్పుడు కరెంటు పోవడం చూస్తారని చెప్పాడు. పాతకాలంలో రోజూ కరెంటు పోయేదట, పోగానే వీధి వీధంతా ఓ అని అరిచేదట, రాగానే వచ్చిందని చప్పట్లు కొట్టేదట. మేమూ అలా అరవాలట. ఎవరు విన్నారో ఎవరు వినలేదో. లైట్లు ఆపేశాడు.

ఆయన ఎన్నో ఆలోచించాడు గానీ ఎవరి మధ్య ఉన్నాడో మర్చిపోయాడు. మా బాయిలో దీపం పోయిందంటే ఫ్యాన్లు ఆగాయని అర్థం. అడుగులు వేయడం కంటే ముందు మాకు నేర్పేది అదే: నేల మీద పడుకో, తడిబట్ట ముక్కుకి కట్టుకో, గోడ పట్టుకుని పాకు. మేడ మీద ఉన్నవాళ్లందరూ ఒక్క దెబ్బకి నేల మీద ఉన్నారు. నేను ఫ్యానువాణ్ని, నా కాళ్లు నా మాట వినలేదు. ఆరో ఫ్యాను, ఆరో ఫ్యాను అని కేకలు పెడుతూ వచ్చిన దారివైపు పరిగెత్తి దేనికో గుద్దుకున్నాను.

చీకట్లో మొగిలి ఒక్కడే ఓ అని అరిచాడు. లైట్లు వేసి, వచ్చింది అని ఒక్కడే చప్పట్లు కొట్టాడు. చూస్తే, పెద్దమనుషులంతా నేల మీద బోర్లా పడి, చేతికందిన గ్లాసుల్లో రుమాళ్లు ముంచి ముఖాలకి కట్టుకుని ఉన్నారు. ఒకాయన ఉక్కపోతలో ముంచుకున్నాడు, పాపం, కళ్ల నుంచి ధారలు. నా తల ఆ నల్ల ట్యాంకులో ఉంది. అది అట్టముక్కలతో చేసింది. భుజాల దాకా దిగిపోయింది, ఊడి రాలేదు.

అప్పుడు స్వరూప నవ్వు వినిపించింది. ట్యాంకు లోపల్నించి విన్నాను. ఆమె నవ్వు మర్చిపోయి చాలా కాలమైంది, ముందు ఎవరో అనుకున్నాను. ట్యాంకు లాగి తీసి, నా ముఖం చూసి మళ్లీ నవ్వింది. ఇంటికి వచ్చేదాకా గోడ పట్టుకుని ఆగి ఆగి నవ్వింది. నేనూ నవ్వాను. అంత చెత్త విహారం ఎవరూ చేసి ఉండరు.

ఇంటికొచ్చి చీర మడతపెడుతూ అంది.

"నేను పోనయ్యా. అరవై ఏండ్లకు లేస్తే గీ ముచ్చట ఎవ్వరితోని చెప్పుకోవాలె? నీ తలకాయ ట్యాంకుల ఇరికింది ఇంకెవ్వరికి ఎరుక ఉంటది?"

అది మందు మాట్లాడించిన మాటేమో అని రాత్రంతా భయపడ్డాను. పొద్దున లేచి, ముఖం కడుక్కుని, తనంతట తనే మళ్లీ అంది. షిఫ్టు దిగాక కిటికీ దగ్గరికి పోదాం, తొందరగా రా అంది. ఫ్యాను చప్పుడు ఇవాళ పాటలా ఉంది.

ఇంకా మూడు రోజులు

నిన్న వెళ్లాం. చిన్న కిటికీ, లోపల ఒకామె. పేరు, ల్యాంపు నంబరు రాసుకుని, నాలుక కింద పెట్టుకోమని ఒక తెల్ల పట్టీ ఇచ్చింది. ఇదెందుకని స్వరూప అడిగింది. రద్దు చేసుకునేవాళ్లు పూర్తి తెలివిలో ఉండాలట, అది తేల్చే పరీక్షట. నాకు మొగిలి బల్ల కింద నుంచి తీసిన డబ్బా గుర్తొచ్చింది.

పట్టీ మీద ఎర్ర గీత వచ్చింది. బొటనవేలంత లావు.

ఆమె కోప్పడలేదు. మందు తాగారు, గీత పోయాక రండి అంది, అంతే. తన జన్మలో ముట్టలేదని స్వరూప చెప్పింది. తండ్రి సంగతి కూడా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. కిటికీ చట్రం మీద పెయింటు లేచిపోయి ఉంటే దాన్ని గోటితో గీకుతూ ఉన్నాను. ఎన్నాళ్లకి పోతుందని అడిగాను. పైన అయితే ఒక్క రోజట, మా కింది గాలి పలుచన కాబట్టి నాలుగు రోజులు పట్టవచ్చు, ఐదు పట్టవచ్చట.

"మరి నిద్రకు పోయేటోళ్లకు గీ పరీక్ష లేదా?" అని స్వరూప అడిగింది.

"వాళ్లకెందుకమ్మా. పండుకున్నంక రక్తం మేమే కడుగుతం."

దారంతా స్వరూప మొగిలిని తిట్టింది. గిన్నెల నీళ్లు నెత్తిన పోసింది చాలక, మందు లేదని చెప్పి మందు పోశాడు, వాడి చేతులు పడిపోను అంది. ఇప్పుడే వెళ్లి నిలదీస్తానంది. వెళితే వాడు నిజం చెప్పేస్తాడు. నేను ఆపాను. తగవుకి పోతే ఉన్న టైము పోతుందని, ముందు గీత సంగతి చూద్దామని చెప్పాను. నా మాట నమ్మింది. ఇంట్లో నా వీపు మీద చెయ్యి వేసి, నీ తప్పేముంది, నన్ను నవ్వించాలనే కదా తీసుకుపోయినవు అంది.

చెప్పేయాలి. ఈ మూడు రోజులూ ఆమె నా మీద కోపంతో గడపకూడదని చెప్పడం లేదని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. అది అబద్ధం. నాకు భయం. అంతే.

ఇంకా రెండు రోజులు

బేరింగు మళ్లీ మూలుగుతోంది. గ్రీజు పెట్టలేదు. మూలగనీ.

నా నీళ్ల వాటా అంతా స్వరూపకే తాగిస్తున్నాను. రాయమల్లు కూడా వాళ్లింటి వాటాలో సగం తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. షిఫ్టు తర్వాత స్వరూప ఏటవాలు దారిలో పైకీ కిందికీ నడుస్తోంది, చెమట పడితే పోతుందని ఎవరో చెప్పారు. నేను పక్కన నడుస్తూ లెక్కపెడుతున్నాను. నిన్న ఇరవై రెండుసార్లు. నలభై ఏళ్ల మనిషి, ఆయాసంతో గోడకి ఆనుకుని, ఇంకో రెండు పోదాం నడువు అంటుంది. ఉండిపోవాలని ఆమె ఇంత ఆరాటపడటం చూస్తుంటే, ఇరవై ఏళ్లలో దేనికోసమూ ఆమెని ఇలా చూడలేదనిపించింది. ఇన్నాళ్లూ కావాలనుకున్నది ఇదే, వచ్చింది, ఇలా వచ్చింది.

గీత సన్నబడింది. ఇప్పుడు గోరంత.

ఆఖరి రోజు

పొద్దున మొదటి గంటకే వెళ్లాం. గీత దారంలా ఉంది. సాయంత్రం కిటికీ మూసే ముందు ఇంకొక్కసారి చూస్తానని కిటికీ ఆమె అంది. మంచిదే పాపం. స్వరూప మళ్లీ దారి పట్టింది. నేను ఫ్యానుని రాయమల్లుకి అప్పగించి వెంట నడిచాను. బతికి ఉంటే డ్యూటీ వదిలినందుకు శిక్ష తర్వాత చూసుకోవచ్చు.

సాయంత్రం స్వరూప నాలుక కింది పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. కిటికీ లోపల బల్బు గుడ్డిది. కిటికీ ఆమె కళ్లు చికిలించి చూసింది, ఇటు తిప్పింది, అటు తిప్పింది. నాకేమీ కనపడలేదు. ఆమెకీ కనపడలేదు. రద్దు ముద్ర చేతిలోకి తీసుకుంది. అది కాగితానికి జానెడు ఎత్తులో ఉంది, నేను చూశాను.

స్వరూపకి ఆ జానెడు ఓపిక లేకపోయింది. కాదు, అలా అనకూడదు. ఆమె ఇరవై ఏళ్లు దీపాలిచ్చిన మనిషి. ఎవరైనా కళ్లు చికిలిస్తే ఆమె చెయ్యి దానంతటదే లేస్తుంది. "లైటు సరిగ్గ లేదు మీకు, మంచిగ చూడుండ్రి, ఏం లేదు," అని సంతోషంగా నెత్తి మీది ల్యాంపు ఊడదీసి, పూర్తి వెలుగు పెట్టి, కిటికీలోంచి పట్టీ మీదికి పట్టింది. ఆ వారం చార్జింగు పెట్టిన వాటిలో మంచిది ఏరి తెచ్చుకుంది.

తెల్ల పట్టీ మధ్యలో వెంట్రుక వాసి గులాబీ గీత.

కిటికీ ఆమె ముద్ర కింద పెట్టేసింది. చూడకపోతే వేసేదాన్నమ్మా, చూసినంక ఎట్ల వేస్త అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. కిటికీ తలుపు దించుతూ కూడా మమ్మల్నే చూసింది.

గడువు దాటి మూడో రోజు

ఆరో ఫ్యాను, మొదటి షిఫ్టు. గాలి వేగం బాగానే ఉంది.

పారిపోవడానికి మా ఊరికి ఊరవతల అనేది లేదు. స్వరూప గాలి వాటా గడువు దాటిన పూటే నాలుగో లెవెల్లో పుట్టబోయే ఎవరికో రాసేశారు. అర్జీ పెట్టాను. అర్జీలు చూసే పెద్దమనిషి పోయినేడే నిద్రకి వెళ్లాడట, ఆ కుర్చీలో ఇంకా ఎవరినీ వేయలేదట.

నిన్న తీసుకెళ్లాను. పచ్చంచు చీర కట్టుకుంటానంది, నిద్రశాలవాళ్లు ఒప్పుకోలేదు, తెల్ల గౌను ఇచ్చారు. చీర నా చేతికిచ్చింది. లోపల చలి. స్వరూప పెట్టెలోకి ఎక్కే ముందు నా చొక్కా గుండీ సరిచేసి, నెలకోసారి గ్రీజు బట్టలు ఉడికించి ఉతుక్కోమని చెప్పింది. నీళ్లు ఎక్కువ తాగమంది.

పడుకోబెట్టాక మొదట ఒక సూది వేస్తారు. దానితో నాలుకా, చేతులూ కదలవు. కళ్లు తెరిచే ఉంటాయి. ఇంకో పావుగంట తర్వాత రెండో సూది, అప్పుడు కళ్లు మూసుకుంటాయి. ఆ పావుగంట ఇంటివాళ్లని పక్కన కూర్చోనిస్తారు. ఎందుకో ఎవరికీ తెలియదు, మొదటినించీ అలా నడుస్తోంది.

ఆ పావుగంటలో చెప్పాను. మొగిలి తప్పేమీ లేదని, నేనే బల్ల దగ్గరికి వెళ్లి పోయమన్నానని, బెల్లం ఎక్కువ వేయమన్నదీ నేనేనని, కిటికీ దగ్గర మొదటి రోజే నాకు తెలుసునని. అంతా వరసగా చెప్పాను. నాలుగు రోజులు పక్కన నడిచాను, నూట ఐదుసార్లు ఆ దారి ఎక్కి దిగాం, ఒక్కసారి కూడా నోరు పెగల్లేదు. ఆమె తిట్టలేని, కొట్టలేని, ముఖం తిప్పుకోలేని పావుగంట వచ్చేదాకా ఆగాను.

ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. కుడి కంట్లోంచి ఒక చుక్క చెవి వైపు జారింది. సూది వేసిన అమ్మాయిని అడిగాను, మొదటి సూది తర్వాత చెప్పింది వినపడుతుందా అని.

"మాకు గూడ తెల్వదు సార్. కండ్లకెళ్లి నీళ్లు మాత్రం అందరికీ కారుతయి," అంది.

రెండో సూది వేశారు. కళ్లు మూసుకున్నాయి. ఆమె విని పడుకుందో, వినకుండానే పడుకుందో, అరవై ఏళ్ల తర్వాత లేచి ఆమే ఎవరికైనా చెప్పాలి. నేను మెట్లెక్కి పైకి వచ్చి, చీర ఇంట్లో పెట్టి, డ్యూటీకి వచ్చాను.